మురికి రాని తొట్టి

నగరం, ఏడో అంతస్తు గది
మార్చి 4

బావగారికి,

నా దగ్గర్నుంచి ఉత్తరం రావడం చూసి ఆశ్చర్యపోతారని తెలుసు. ముందు ఫోనే చేశాను, రెండుసార్లు. మొదటిసారి "ఆఁ? ఎవరూ?" అని అడిగి అడిగి పెట్టేశారు. రెండోసారి నేను "బావా!" అని అరిస్తే "వద్దండీ, మాకు ఇన్సూరెన్సు ఉంది" అన్నారు. గాలి ఊదే బ్లోయర్ల హోరు పక్కన ఇరవై ఆరేళ్ళు పనిచేసిన చెవులని అక్క చెబుతూ ఉండేది. నా మాట మీకూ, మీ మాట నాకూ తనే చేరవేసేది. తను పోయి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో మనిద్దరం ఒక్క మాటా అనుకోలేదు.

ఇప్పుడు రాయడానికి కారణం నా ఉద్యోగం. ఏ కంపెనీలో డబ్బు పెట్టొచ్చో సలహా చెప్పే సంస్థ మాది. ఈ ఏడాది నాకో ప్రశ్న అప్పగించారు. నీళ్ళూ గాలీ పాడుచేయకుండా నడిచే కంపెనీలు లాభాలు కూడా ఎక్కువ చూస్తున్నాయా? వాటి షేరు విలువ పెరుగుతోందా? లేక ఆ ఖర్చే వాటికి గుదిబండ అవుతోందా? అరవై ఒక్క కంపెనీల వివరాలు ముందేసుకుని కూర్చున్నాను. అందరికన్నా పైన ఉన్నది ఎవరనుకున్నారు? మీ బట్టల మిల్లు! మూడేళ్ళలో మీటరు బట్టకి వాడే నీళ్ళు సగానికి తగ్గాయి. బయటికి వదిలే నీళ్ళలో మురికి దాదాపు లేదు. లాభం ఏటేటా పెరిగింది.

ఆ నీళ్ళు శుభ్రం చేసే ట్రీట్‌మెంట్ ప్లాంటు మీ చేతిలోనే ఉంది కదా. అది ఎలా జరిగిందో మీ మాటల్లో రాస్తారా? అంకెలు నా దగ్గర ఉన్నాయి. మనిషి మాట లేదు.

మీ బావమరిది

*

మిల్లు క్వార్టర్స్, రెండో వరస చివరి ఇల్లు
మార్చి 15

బావమరిదీ,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టమని బళ్ళో నేర్పారు. నీ కుశలం నాకు తెలియదు. నాది రాసేటంత లేదు. కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను. ఆ ఇన్సూరెన్సు మనిషివి నువ్వేనా! వీడెవడో బావా అని వరస కలిపి మరీ అమ్ముతున్నాడు, ఎంత తెలివి మీరాడో అనుకున్నాను.

నా పని గురించి నన్ను కూర్చోబెట్టి అడిగినవాడివి ఇన్నేళ్ళలో నువ్వొక్కడివే. మీ అక్క అడిగేది కాదు. గుమ్మంలోనే చొక్కా వాసన చూసి "ఇవాళ నలుపు వేశారా?" అనేది. తొంభై పాళ్ళు కరెక్టే.

నీళ్ళు శుభ్రం చేసేది మిషన్లని అందరూ అనుకుంటారు. కాదు. కంటికి కనపడని జీవాలు చేస్తాయి. అద్దకం నుంచి వచ్చిన రంగునీళ్ళని ముందు ఒక పెద్ద తొట్టిలో నిలబెడతాం. పులుపూ కారం సరిచేసినట్టు సున్నం, ఆసిడ్ వేసి సరిచేస్తాం. తరవాత గాలి తొట్టిలోకి వదులుతాం. అక్కడ అడుగునుంచి బ్లోయర్లు గాలి ఊదుతూ ఉంటే బురద రంగులో జీవాలు కోట్లకొద్దీ పెరుగుతాయి. వాటికి మురికే తిండి. తినేసి నీళ్ళని వదిలిపెడతాయి. ఒక్క పూట గాలి ఆగితే చస్తాయి. వారం రోజులు తిండి లేకపోయినా చస్తాయి. అందుకే నాకు ఆదివారాలు ఉండేవి కావు. "నాకన్నా వాటికే ముందు భోజనం" అని మీ అక్క దెప్పేది. ఒకసారి వాళ్ళ పిన్ని కూతురి పెళ్ళికి కూడా వెళ్ళలేదు నేను. ఆ కోపం నాలుగేళ్ళుంది.

ఒకప్పుడు ప్లాంటులో పదకొండు మందిమి ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కణ్ణే చూసుకుంటున్నాను. తీరిక బాగానే ఉంటోంది. ఆఫీసు ముందు గాజుతొట్టిలో మా ప్లాంటు నీళ్ళు పోసి ఎర్రచేపలు పెంచుతున్నారు. వచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటారు.

నీళ్ళ వాడకం ఎలా తగ్గిందన్నావు. అది పైవాళ్ళు చెప్పాలి, నాకంత తెలియదు.

ఇంకా ఏమైనా కావాలంటే అడుగు. అక్కర్లేకపోయినా అడుగు.

బావ

*

నగరం, ఏడో అంతస్తు గది
ఏప్రిల్ 22

బావగారికి,

నివేదిక అచ్చయింది. ఒక ప్రతి పంపుతున్నాను, పన్నెండో పేజీ చూడండి. మీ పేరు వేయలేదు, "ప్లాంటు బాధ్యుడు" అని మాత్రమే రాశాను. జీవాల గురించి మీరు చెప్పినదంతా ఉంది. పదకొండు మంది చేసిన పనిని ఇప్పుడు ఒక్కరే నడపగలగడం సామర్థ్యానికి గొప్ప గుర్తు అని కూడా రాశాను.

ఎంత మంది చదివారో చెబితే నమ్మరు. శుభ్రంగా నడిచే కంపెనీకే లాభం అని పత్రికలు మన మాట ఎత్తి రాశాయి. నెల తిరగకుండా మీ మిల్లు షేరు వంద ఉన్నది నూట ఇరవై అయింది. బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పిచ్చిందట. నాకు అద్దాల గది ఇచ్చారు. కుర్చీ బాగుంది, వెనక్కి వాలుతుంది. భోజనం మాత్రం అదే కంప్యూటర్ ముందు. నాలుగు వైపులా అద్దాలు కదా, తింటుంటే నలుగురూ చూస్తున్నట్టుంటుంది. నిజానికి ఎవరూ చూడరు.

మీ ఉత్తరం నా సంచీలోనే తిరుగుతోంది. పెళ్ళి మానేసిన సంగతి చదివి బస్సులో పైకే నవ్వాను. ఆ కోపం నాలుగేళ్ళు కాదు బావా, ఆరేళ్ళు. మిగతా రెండేళ్ళూ నా దగ్గర వెళ్ళగక్కేది.

ఇంకా రాయండి.

మీ బావమరిది

*

మిల్లు క్వార్టర్స్
మే 3

బావమరిదీ,

పుస్తకం అందింది. కాగితం నున్నగా ఉంది.

పన్నెండో పేజీలో నా గురించి రాసింది తీసెయ్యి. ఇంకోసారి అచ్చు వేస్తే తీసెయ్యి, వెయ్యకపోతే ఇంకెక్కడా వాడకు.

ఒంట్లో బాగానే ఉంది.

బావ

*

నగరం, అద్దాల గది
మే 11

బావగారికి,

తీసేయమంటే తీసేస్తాను. కానీ ఎందుకో అర్థం కాలేదు. మిల్లులో ఎవరైనా ఏమన్నా అన్నారా? నేను రాసినదాంట్లో తప్పుంటే అది నాకు తెలియాలి. ఆ పేజీని నమ్మి జనం తమ డబ్బు పెట్టారు.

మిమ్మల్ని నొప్పించి ఉంటే క్షమించండి. నొప్పిస్తే చెప్పడానికి అక్క కూడా లేదు.

మీ బావమరిది

*

మిల్లు క్వార్టర్స్
మే 19

బావమరిదీ,

నాలుగు కాగితాలు చింపేసి ఇది రాస్తున్నాను.

నా గాలి తొట్టిలోకి మురికి రావడం లేదు. మూడేళ్ళయింది.

మిల్లులో అసలు మురికి పనంతా అద్దకందే. నీళ్ళు తాగేదీ అదే, రంగు కక్కేదీ అదే. మూడేళ్ళ కిందట ఆ విభాగాన్ని ఎత్తేశారు. కాలవ అవతల రేకుల షెడ్లు వేసి, వేరే ఎవరి పేరు మీదో పెట్టి, బట్ట అక్కడికి పంపి రంగు వేయించి తెస్తున్నారు. మా అద్దకం వాళ్ళలో సగం మంది అక్కడే తక్కువ జీతానికి పనిచేస్తున్నారు. చేతులకి తొడుగులు కూడా లేవు. షెడ్లకి ప్లాంటు లేదు. రంగు తిన్నగా కాలవలోకి పోతుంది. ఆ షెడ్ల వీధి బావుల్లో నీళ్ళు ఒక్కోవారం ఒక్కో రంగు.

ఇక మిల్లు గేటు లోపల మిగిలింది ఉతకడం, కుట్టడం, ఇస్త్రీ. మీటరు బట్టకి నీళ్ళు సగం తగ్గకేం చేస్తాయి? నీ అంకెల్లో అబద్ధం లేదురా. అవి గేటు దగ్గర ఆగిపోయాయి, అంతే.

రోజుకి నూట ఎనభై ట్యాంకర్ల రంగునీళ్ళు వచ్చే చోట ఇప్పుడు ఎనభై ట్యాంకర్ల పల్చటి సబ్బునీళ్ళు వస్తున్నాయి. పదిమందినీ పంపేశారు. జీవాలు ఆకలికి చచ్చిపోతుంటే ఎండీ గారి మనిషి వచ్చి "ప్లాంటు నడుస్తున్నట్టు ఉండాలి, మూణ్ణెల్లకోసారి పొల్యూషన్ బోర్డు వాళ్ళు చూడ్డానికి వస్తారు" అన్నాడు. చక్కెర మిల్లు నుంచి మొలాసిస్ తెప్పిస్తారు. ఆ నల్లటి పాకం రోజూ పొద్దున రెండు బకెట్లు తొట్టిలో పోస్తాను. అదీ నా ఉద్యోగం. తినడానికి మురికి లేని జీవాలకి తీపి పోసి బతికించడం. నువ్వు సామర్థ్యం అని రాసింది దాన్నే.

ప్లాంటు అంచు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాను. పలకరించేవాళ్ళు లేరు. బ్లోయర్లు నాలుగు ఉండేవి, ఇప్పుడు ఒకటే తిరుగుతుంది. ఆ హోరు తగ్గాక నా చెవులు ఎంత పాడయ్యాయో నాకు తెలిసింది.

ఈ సంగతి నేను చెప్పింది మీ అక్కకి ఒక్కదానికే. "ఎవరికైనా చెప్పెయ్యండి" అనేది. "ఎవరికి?" అంటే తనకీ తెలిసేది కాదు. తను పోయాక ఇంట్లో ఈ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే మిగిలాను.

మార్చిలో నువ్వు అడిగినప్పుడే చెప్పాల్సింది. ఉద్యోగం పోతుందన్న భయం కొంత ఉంది, లేదనను. కానీ అసలు కారణం అది కాదు. నువ్వు అడిగింది బాగున్న మిల్లు గురించి. బాగాలేదని రాస్తే నీకు నాతో పనిలేదు, ఇంక ఉత్తరం రాదు అనుకున్నాను. ఎనిమిది నెలల తరవాత నా పేరున ఒక కవరు వచ్చింది. దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేక నీచేత తప్పు రాయించాను.

ఇప్పుడు నీ ఇష్టం.

బావ

*

నగరం
మే 30

బావా,

ముందు నా తప్పు చెప్పనివ్వండి, లేకపోతే మిగతాది రాయలేను.

మీ మొదటి ఉత్తరంలో "పదకొండు మందిమి ఉండేవాళ్ళం, ఇప్పుడు నేనొక్కణ్ణే" అని చదివినప్పుడే నా పెన్ను ఆగింది. పదేళ్ళుగా కంపెనీల లెక్కలు చూస్తున్నవాణ్ణి. ఒక ప్లాంటులో మనుషులు అంతలా తగ్గితే పని తగ్గి ఉండాలని తెలియనంత అమాయకుణ్ణి కాదు. ఒక్క ప్రశ్న అడిగితే మీరు చెప్పేసేవారు. అడగలేదు. జవాబు నా పట్టికకి సరిపోదేమోనని భయపడ్డాను. పైగా దాన్నే సామర్థ్యం అని రాసి అద్దాల గది సంపాదించాను.

ఇంకోటి కూడా ఉంది. అక్క ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను రాలేదు. "పని చూసుకోరా, నాకేం కాదు" అని తనే అందని అందరికీ చెప్పాను. నిజమే, అంది. కానీ ఆ మాట అంటున్నప్పుడు తన గొంతు ఎలా ఉందో నాకు తెలుసు. అప్పుడూ ఇంకో ప్రశ్న అడగలేదు.

పోయిన వారం సెలవు పెట్టి కాలవ అవతలికి వెళ్ళాను. మీకు చెప్పలేదు, చెబితే మీరు తోడు వస్తారు, ఎవరైనా చూస్తారు. షెడ్లు చూశాను. కాలవ ఒక ఒడ్డున ఊదా, ఇంకో ఒడ్డున ఆకుపచ్చ. ఒక ముసలాయన చేతులు మోచేతుల దాకా నీలం. కడుక్కుంటే పోతుందా తాతా అంటే నవ్వి మళ్ళీ బట్ట ముంచాడు. మీ క్వార్టర్స్ రెండో వరస దాకా కూడా వచ్చాను. మీ కిటికీ తెరిచి ఉంది. తలుపు కొట్టడానికి ముఖం చెల్లలేదు.

తిరిగి వచ్చి మా పెద్ద మేడమ్‌ని కలిశాను.

"నివేదికలో అంకెలు తప్పా?" అంది.

"కాదు మేడమ్. గేటు లోపలివన్నీ నిజాలే."

"మరి?"

"మురికి గేటు బయట ఉంది."

ఆవిడ నివేదిక ముందుకి లాక్కుని పన్నెండో పేజీ తీసింది. "వెనక్కి తీసుకుంటే షేరు పడుతుంది. మనల్ని నమ్మి కొన్నవాళ్ళు నష్టపోతారు. మిల్లువాళ్ళు కోర్టుకి లాగుతారు. నీ దగ్గర ఏముంది, మీ బావ ఉత్తరమా?" అంది. చిన్నచూపుతో అనలేదు. నిజంగానే అడిగింది.

మీరు రోజూ ఎన్ని నీళ్ళు వచ్చాయో రాసుకునే పుస్తకం ఉంటుందని అక్క ఒకసారి చెప్పింది. అది కావాలి. అది వస్తే ఎవరిచ్చారో వాళ్ళకి తెలిసిపోతుంది, దాచలేను. మీ ఉద్యోగం పోతుంది, ఇల్లూ పోతుంది. మీరు వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను.

ఉత్తరాలు మాత్రం ఆపను. మిల్లు మంచిదైనా కాకపోయినా రాస్తాను.

మీ బావమరిది

*

మిల్లు క్వార్టర్స్
జూన్ 8

ఒరేయ్,

తలుపు కొట్టకుండా వెళ్ళిపోయావా? కొట్టినా నాకు వినపడేది కాదు, తోసుకుని రావలసింది. కిటికీ తెరిచి ఉందంటే ఆ పూట ఇంట్లోనే ఉన్నాను.

పార్సెల్లో మూడు పుస్తకాలున్నాయి. ఏడాదికొకటి. రోజూ వచ్చిన నీళ్ళు, పోసిన మొలాసిస్, తిరిగిన బ్లోయర్లు అన్నీ ఉన్నాయి. రెండో పుస్తకం వెనక పేజీల్లో కాలవ నీళ్ళ పరీక్షలు ఉన్నాయి. వాటిని నాకోసం చేసుకున్నాను, ఎవరూ అడగలేదు. మీ అక్క సీసాలు కడిగిచ్చేది. ఆ పేజీల్లో కొన్నిచోట్ల తేదీలు తన చేతిరాత.

రెండు రోజులు ఆలోచించాను. ఆలోచించింది ఇవ్వాలా వద్దా అని కాదు. ఇచ్చాక పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలా అని. దానికి జవాబు దొరకలేదు. అయినా పంపిస్తున్నాను.

బావ

*

నగరం, పాత బల్ల
ఆగస్టు 20

బావా,

క్వార్టర్స్‌కి రాసిన రెండు ఉత్తరాలూ తిరిగొచ్చాయి. "ఈ ఇంట్లో లేరు" అని ఎర్ర సిరాతో రాసి ఉంది. మిల్లుకి ఫోన్ చేస్తే అలాంటి మనిషి ఎవరూ ఇక్కడ పనిచేయలేదన్నారు. ఇరవై ఆరేళ్ళు! ఇది మీ ఊరి పోస్టుమాస్టరు గారి పేరున పంపుతున్నాను. ట్రీట్‌మెంట్ ప్లాంటు పెద్దాయన ఎక్కడున్నా అందించమని బతిమాలుకున్నాను.

పేపర్లు చూసే ఉంటారు. నివేదిక వెనక్కి తీసుకున్నాం. ఆరు రోజుల్లో మిల్లు షేరు నూట ఇరవై నుంచి డెబ్బైకి పడింది. పెద్ద కొనుగోలుదార్లు ఇద్దరు ఆర్డర్లు ఆపారు. అప్పటికి గాని అద్దకాన్ని మళ్ళీ గేటు లోపలికి తెస్తామని ఎండీ గారి నోట మాట రాలేదు. ఈ ఏడాది లాభం సగం దానికే పోతుందట.

మిగతా అరవై కంపెనీలనీ మళ్ళీ చూశాను. ఈసారి కాగితాలు కాదు, ఒక్కోచోట గేటు బయట నిలబడి పనివాళ్ళని అడిగాను. పద్నాలుగింటికి మీ మిల్లుకి ఉన్నలాంటి షెడ్లు ఎక్కడో ఒకచోట ఉన్నాయి. వాటిని తీసేస్తే, శుభ్రంతో పాటే లాభమూ పెరుగుతుందని నేను గీసిన అందమైన గీత దాదాపు పడుకుంది. పూర్తిగా కాదు. నిజంగా ప్లాంటు బాగుచేసుకున్నవాళ్ళు మొదట రెండు మూడేళ్ళు నష్టపోయారు. తరవాత నీళ్ళూ రంగులూ కరెంటూ ఆదా అయి మెల్లిగా తేరుకున్నారు, పక్కవాళ్ళకన్నా కాస్త మెరుగయ్యారు. వాళ్ళ షేరుని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. చేపల తొట్టి పెట్టినవాళ్ళ విలువే ఆ ఏడాదికి ఆ ఏడాది పెరిగింది. ఇదంతా రాసిచ్చాను. మేడమ్ చదివి "ఇది ఎవరూ కొనరు, కానీ అచ్చు వేద్దాం" అంది. వేసింది. మూడొందల ప్రతులు.

నన్ను తీసేయలేదు. అద్దాల గది తీసేశారు. ఇప్పుడు నా బల్ల దగ్గరికి ఎవరూ రారు. నేను పక్కన కూర్చుంటే మాటలు ఆపేస్తారు.

మీరెక్కడున్నారు బావా? ఒక్క ముక్క రాయండి.

మీ బావమరిది

*

కాలవ అవతల, షెడ్ల వీధి
సెప్టెంబరు 9

బావమరిదీ,

పోస్టుమాస్టరు స్వయంగా సైకిలు మీద తెచ్చిచ్చాడు. బతికే ఉన్నాను. కంగారు పడకు.

పుస్తకాలు నావేనని తెలిసిన రోజే రమ్మన్నారు. "ఇంత కాలం మా ఉప్పు తిని" అని మొదలుపెట్టాడు ఎండీ గారి మనిషి. నాకు సగమే వినపడింది, సగం చాలు. ఇల్లు ఖాళీ చేయడానికి పది రోజులిచ్చారు. నా జీతంలో మిగిలినదానికి దొరికిన గది ఇదొక్కటే. ఎవరివల్ల షెడ్లు మూతపడ్డాయో ఆ మనిషి వచ్చి షెడ్ల వీధిలోనే దిగాడు. నలభై ఆరు మంది పని పోయింది. అందులో పంతొమ్మిది మందినే మిల్లులో తీసుకున్నారు. మిగతావాళ్ళు రోజూ అరుగుల మీద కూర్చుని ఉంటారు. నేను వెళుతుంటే మాట్లాడరు. నా చెవులకి లోకమంతా నిశ్శబ్దమే, కానీ పెదాలు కదలడం ఆగిపోతే కళ్ళకి తెలుస్తుంది. వాళ్ళని తప్పు పట్టను. నేను రాసి పంపిన పేజీల్లో వాళ్ళ పొయ్యిల సంగతి లేదు.

మిల్లులో అద్దకం మొదలైంది. ప్లాంటు ఎవరో బయటి కంపెనీకి అప్పగించారు. నేను వెళ్ళాక మొలాసిస్ పోసేవాళ్ళు లేక జీవాలు పోయాయట. కొత్తగా పెంచుతున్నారు. రెండు నెలలు పడుతుంది. అందాకా అద్దకం కొద్దికొద్దిగా వేస్తూ రంగునీళ్ళు తొట్టిలోనే నిలవ పెడుతున్నారు. గాలి ఇటు వీచినప్పుడు ఇవాళ నలుపు వేశారని తెలుస్తుంది. చెప్పడానికి ఎవరూ ఉండరు.

ఇలా రెండు నెలలు గడిచాయి. పోయిన సోమవారం పొద్దున తలుపు తీసేసరికి గడప మీద ఒక సీసా ఉంది. నిండా నీళ్ళు, లేత గులాబి రంగు. ఎవరు పెట్టారో తెలియదు. నా పరీక్ష సామాను ఇంకా ఉంది. గ్యాస్ స్టవ్ పక్కన పెట్టుకుని చేశాను. మూడు రోజులు ఎవరూ రాలేదు. గురువారం ఒకావిడ వచ్చి గుమ్మం బయట నిలబడింది. షెడ్లో రంగు కలిపే అతని భార్య. మిల్లులో తీసుకోనివాళ్ళలో వాళ్ళాయన ఒకడు.

"సీసా నాదే, మా బావి నీళ్ళు" అంది. పెదాలు చూసి తెలుసుకున్నాను.

"లోపలికి రామ్మా" అన్నాను.

రాలేదు. "తాగొచ్చా?" అంది.

"ఇప్పుడే వద్దు. పొలంలో పోసుకో, ఇల్లు కడుక్కో. తాగడానికి మాత్రం ఇంకో ఏడాది పడుతుంది. రంగు రావడం ఆగిపోయింది కాబట్టి నెలనెలా తగ్గుతుంది."

"ఏడాదా!" అని గట్టిగా అంది. వీధిలో నలుగురూ ఇటు తిరిగారు. నా మీద అరుస్తుందనుకున్నాను, అరిచినా సబబే. తను మాత్రం చెప్పులు విడిచి లోపలికి వచ్చి మంచం అంచున కూర్చుంది. ఈ ఊళ్ళో నా గదిలోకి అడుగుపెట్టిన మొదటి మనిషి. "అయితే నెలనెలా చూసి చెబుతారా?" అంది.

చెబుతానన్నాను.

ఇవాళ శనివారం. పొద్దున గడప మీద ఏడు సీసాలున్నాయి. ఒక్కదాని మీదా పేరు రాయలేదు. ఏ బావి నీళ్ళో తెలియకపోతే పరీక్ష చేసి లాభం లేదు. ఈ ఉత్తరం పోస్టులో వేసి, సీసాలు సంచీలో వేసుకుని, ఏది ఎవరిదో ఇల్లిల్లూ తిరిగి అడగాలి.

బావ